అత్తగారికి ఇంగ్లండ్ తోటలు చూపించాలంటే: కెంట్, ససెక్స్ వైపు ఎలా తిరగాలి

మీరు అడిగింది ఇది. అత్తగారు, మామగారు జూన్‌లో రెండు వారాలకి లండన్‌లో మీ దగ్గరికి వస్తున్నారు. అత్తగారికి మొక్కలంటే ప్రాణం, మామగారికి మోకాళ్ల నొప్పి, మీకు కారు లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగేలా కెంట్, ససెక్స్ వైపు ఏ తోటలు చూపించాలి, అక్కడ జనం తమ సొంత ఇళ్ల తోటలు కూడా చూడనిస్తారట, నిజమేనా అని. నేను చాలా ఏళ్లుగా కెంట్‌లో ఉంటున్నాను. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ ఈ తోటలకే తిప్పుతుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నిజమే, చూడనిస్తారు. అసలు మీ ప్లాన్ అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. అందరూ ముందు పేరున్న తోటలన్నీ రాసుకుని, టైమ్ మిగిలితే చిన్నవి చూద్దాం అనుకుంటారు. మీరు దాన్ని తిరగెయ్యండి. పెద్ద తోటలు వారంలో దాదాపు ప్రతి రోజూ తెరిచే ఉంటాయి. ఇళ్ల తోటలు ఏడాదికి ఒకటో రెండో రోజులు తెరుస్తారు, అదీ ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలు. కాబట్టి మీ చేతిలో ఉన్న రెండు ఆదివారాలు ముందు వాటికి రాసిపెట్టేసి, పెద్ద తోటలను మిగతా రోజుల్లో సర్దుకోండి. రెండు వారాల్లో నాలుగైదు తోటలు చాలు. రోజుకి ఒక్కటే. పెద్దవాళ్లని పొద్దున ఒక తోట, మధ్యాహ్నం ఒక తోట అని పరిగెత్తిస్తే మూడో రోజుకి వాళ్లకి పూలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఈ ఇళ్ల తోటల వ్యవహారమంతా నేషనల్ గార్డెన్ స్కీమ్ అనే సంస్థ నడుపుతుంది. 1927లో మొదలైంది. అప్పట్లో పేదల ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే జిల్లా నర్సులు ఉండేవారు, వాళ్ల జీతాలకీ పింఛన్లకీ డబ్బు కావాలి. తోటలున్నవాళ్లు గేట్లు తీసి, మనిషికి ఒక షిల్లింగు తీసుకుని, ఆ డబ్బు నర్సులకి ఇస్తే ఎలా ఉంటుందని ఎల్సీ వాగ్ అనే ఆవిడ సూచించారు. మొదటి ఏడాదే 609 తోటలు తెరిచారు. ఇప్పుడు ఆ సంఖ్య మూడు వేలు దాటింది. వచ్చే డబ్బు మాక్‌మిలన్, మేరీ క్యూరీ లాంటి క్యాన్సర్ సేవా సంస్థలకీ, చివరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌లకీ వెళ్తుంది. టికెట్టు కొద్ది పౌండ్లే. జమీందారీ బంగళా తోట నుంచి వరస ఇళ్ల మధ్య ఉండే జానెడు పెరడు దాకా అన్నీ ఇందులో ఉంటాయి. నన్నడిగితే ఆ జానెడు పెరళ్లనే ఎంచుకోమంటాను. అత్తగారికి కూడా ఇంటి దగ్గర ఉన్నది మేడ మీద కుండీలో, ప్రహరీ పక్కన బారెడు నేలో అయ్యుంటుంది. ఆ కాస్త జాగాలో ఇంకొకరు ఏం చేశారో చూస్తే ఆవిడకి వంద ఆలోచనలు వస్తాయి.

వాళ్ల వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్, తేదీ కొడితే దగ్గర్లో ఆ రోజు తెరిచే తోటలన్నీ వస్తాయి. ప్రతి తోటకీ ఒక చిన్న వర్ణన ఉంటుంది, దాన్ని శ్రద్ధగా చదవండి. మెట్లున్నాయా, వాలుగా ఉందా, చక్రాల కుర్చీ వెళ్తుందా అన్నది అందులోనే రాస్తారు. మామగారి మోకాళ్ల కోసం మీరు ముందు చూడాల్సింది అదే. బై అరేంజ్‌మెంట్ అని ఉంటే ముందుగా మెయిల్ చేసి రమ్మన్న రోజు వెళ్లాలి. చాలాసార్లు కనీసం ఇంతమంది ఉండాలని షరతు పెడతారు, నలుగురికి కుదరకపోవచ్చు. అన్నిటికంటే మంచివి ఊరంతా కలిసి తెరిచేవి. ఒకే టికెట్టు మీద ఒక ఊళ్లో ఏడెనిమిది ఇళ్ల తోటలు చూడొచ్చు. గేటు దగ్గర చేత్తో గీసిన మ్యాపు ఇస్తారు. ఒక ఇంట్లో కూరగాయలు, ఒక ఇంట్లో గులాబీలు, ఇంకో ఇంట్లో చేపల తొట్టి. అలసిపోతే చర్చి హాల్లో కూర్చుని టీ తాగొచ్చు. మామగారు అక్కడే కూర్చుండిపోయినా ఆయనకి కబుర్లు చెప్పేవాళ్లు దొరుకుతారు.

వెళ్లాక ఎలా ఉంటుందో చెప్తాను, కొత్తవాళ్లకి కాస్త బెరుకు ఉంటుంది కదా. సందు మొదట్లో పసుపుపచ్చ బాణం గుర్తు బోర్డు కనిపిస్తుంది. ఇంటి పక్క గేటు దగ్గర మడత బల్ల, దాని మీద డబ్బుల డబ్బా, వెనక ఆ ఇంటివాళ్ల స్నేహితులెవరో కూర్చుని ఉంటారు. కార్డు యంత్రం ఉండొచ్చు, అయినా చిల్లర పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లగానే ఇంకో బల్ల మీద చిన్న చిన్న కుండీల్లో మొక్కలు, ఐస్‌క్రీమ్ పుల్లల మీద పెన్సిల్‌తో రాసిన పేర్లు. అవి ఆ తోటలోనే తీసిన నార్లు, కొమ్మలు. ఏ షాపులోనూ దొరకనివి రెండు మూడు పౌండ్లకి దొరుకుతాయి. మీ ఇంటికి కొనదలిస్తే వచ్చీ రాగానే కొనేసి పక్కన పెట్టమనండి, గంటలో బల్ల ఖాళీ అయిపోతుంది.

ఇంటావిడో ఇంటాయనో అక్కడే తిరుగుతూ ఉంటారు. నెలల తరబడి ఈ ఒక్క మధ్యాహ్నం కోసం పనిచేసి ఉంటారు కాబట్టి ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటారు. చాలా బాగుంది అని చెప్పి వెళ్లిపోకండి. ఇది నీడలో ఎలా పూసింది, ఎరువు ఏం వేస్తారు, నత్తలతో ఎలా వేగుతున్నారు అని అడగండి. నత్తల మాట ఎత్తితే ఇంగ్లండ్‌లో ఏ తోటమాలైనా పది నిమిషాలు మాట్లాడతారు. అత్తగారికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, మీరు మధ్యలో ఉండి చెప్పండి. కంపోస్టు గుట్ట చూపిస్తారా అని అడగమనండి. వంటింటి తొక్కలు, ఎండుటాకులు ఎక్కడ వేస్తారు, ఎన్నాళ్లకి మాగుతుంది అన్నది ఎక్కడైనా ఒకటే విద్య, ఇద్దరూ చేతులతోనే మాట్లాడేసుకుంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, అత్తగారికి ముందే మెల్లగా చెప్పి తీసుకెళ్లండి. పువ్వు కోయకూడదు. మనకి పొద్దున్నే పూజకి పక్కింటి గోడ మీది నందివర్ధనం కోసుకోవడం అలవాటే, పక్కింటివాళ్లూ ఏమీ అనుకోరు. ఇక్కడ ఒక్క పువ్వు తుంచినా, ఒక కొమ్మ గిల్లినా, ఒక గింజ జేబులో వేసుకున్నా దొంగతనం కింద లెక్క. నిజంగా ఏదైనా మనసుపడితే అడగడంలో తప్పు లేదు, చాలామంది సంతోషంగా ఇస్తారు. మళ్లలోకి అడుగుపెట్టకూడదు, ఫోటో కోసమైనా సరే. ఇంటి కిటికీల్లోంచి లోపలికి ఫోటోలు తీయకూడదు. ఇంకొకటి, చాలా ఇళ్లలో వచ్చినవాళ్లకి బాత్రూమ్ ఉండదు. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి స్టేషన్‌లోనో దారిలో పబ్‌లోనో ఆ పని చూసుకుని వెళ్లండి. టీ దగ్గర పెట్టే కేకులన్నీ ఇంట్లో చేసినవే, అమోఘంగా ఉంటాయి, కానీ అత్తగారు గుడ్డు తినకపోతే అడిగి తీసుకోండి. స్కోన్ అనే చిన్న బన్ను మీద కూడా గుడ్డు పూస్తారు. పులిహోర డబ్బా సంచీలో ఉంటే టెన్షన్ ఉండదు, తోట బయటికి వచ్చాక ఎక్కడైనా బెంచీ మీద కూర్చుని తినొచ్చు.

ఇక పేరున్న తోటలు. ఒక్కటే చూడగలిగితే ఏది అంటే జూన్‌లో నా జవాబు సిసింగ్‌హర్స్ట్. కెంట్‌లో క్రాన్‌బ్రుక్ దగ్గర ఉంది. వీటా సాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి, ఆవిడ భర్త హెరల్డ్ నికల్సన్ 1930లో ఒక పాడుపడిన పాత కోట లాంటి ఇల్లు కొని, చెత్త ఎత్తించి, ఈ తోట వేశారు. గోడలు ఎక్కడ, కంచెలు ఎక్కడ, దారులు ఎటు అన్నది ఆయన గీతలు గీసి తేల్చేవారు, అందులో ఏ మొక్క అన్నది ఆవిడ చూసుకునేవారు. అందుకే తోటంతా పైకప్పు లేని గదుల్లా ఉంటుంది, ఒక గది దాటితే గానీ రెండో గది కనబడదు. 1938లో వీళ్లు కూడా ఆ షిల్లింగు స్కీమ్ కిందే జనానికి గేట్లు తీశారు. 1967 నుంచి పాత కట్టడాలనీ తోటలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. మధ్యలో ఉన్న ఎర్ర ఇటుకల బురుజు మామగారు ఎక్కలేరు, ఎక్కగలిగినవాళ్లు ముందు పైకెక్కి తోట మొత్తం ఒకసారి చూసి దిగితే కింద దారి తప్పకుండా తిరగొచ్చు.

అందరూ తెల్లపూల తోట కోసం వెళ్తారు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు ఉండదు అందులో. మధ్యలో పందిరి మీద పాకే తెల్లగులాబీ జూన్ చివర, జూలై మొదట్లో విరగబూస్తుంది. మీ వాళ్లు జూన్ మొదటివారంలో వస్తే అది మొగ్గల మీదే ఉంటుంది, నిరాశపడకండి. అప్పుడు చూడాల్సింది గులాబీ తోట. అక్కడ గులాబీల పువ్వులు కాదు, వాటి కాళ్ల దగ్గర చూడమనండి అత్తగారిని. పొడుగ్గా పెరిగే గులాబీ కొమ్మలను నిటారుగా వదలరు. మొక్క చుట్టూ హేజెల్ చెట్టు బద్దలను విల్లులా వంచి రెండు చివరలూ నేలలో గుచ్చుతారు, కొమ్మలను కిందికి వంచి ఆ బద్దలకి కట్టేస్తారు. కొమ్మ నిటారుగా ఉంటే చిటారు మొగ్గ కింది కణుపుల్ని ఎదగనివ్వదు, పైన మాత్రమే నాలుగు పూలు పూస్తాయి. వంచి కడితే ఆ అణచివేత తగ్గి, కొమ్మ పొడవునా ప్రతి కణుపూ చిగురేసి పూస్తుంది. పొద మొత్తం పై నుంచి కింది దాకా పువ్వే. ఇది మన ఊళ్లో వెదురు బద్దలతో చేసుకోవచ్చు, పొడుగు కొమ్మలు వేసే గులాబీ ఏదైనా వింటుంది. ఆ ఒక్క చోట కూర్చుని ముడులు ఎలా వేశారో దగ్గరగా ఫోటోలు తీసుకోండి. ఇంటికి వెళ్లాక నిజంగా పనికొచ్చేది అదే.

సిసింగ్‌హర్స్ట్‌కి లండన్ బ్రిడ్జ్ నుంచి స్టేపుల్‌హర్స్ట్ దాకా రైలు, గంట ప్రయాణం. అక్కడి నుంచి టాక్సీ. ఇలాంటి చిన్న స్టేషన్ల బయట టాక్సీలు నిలబడి ఉండవు, ఊబర్ కూడా నమ్ముకోవద్దు. ముందురోజే స్థానిక టాక్సీవాళ్లకి ఫోన్ చేసి రాను పోను రెండూ మాట్లాడుకోండి. తెరిచే టైమ్‌కే వెళ్లండి, లేదంటే మూడు దాటాక. మధ్యలో కోచ్ బస్సులు దిగుతాయి, ఆ సన్న దారుల్లో మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి జనాన్ని తప్పించుకుంటూ నడవడం కష్టం.

రెండోది గ్రేట్ డిక్స్‌టర్, తూర్పు ససెక్స్‌లో నార్తియమ్ అనే ఊళ్లో. ఇది నా మనసుకి దగ్గరైన తోట. పదిహేనో శతాబ్దపు కొయ్య ఇల్లు, దాన్ని 1910లో కొన్న లాయిడ్ కుటుంబం లట్యెన్స్ అనే ఆర్కిటెక్టు చేత బాగుచేయించి పెంచింది. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టినాయనే, ఇప్పుడు అమృత్ ఉద్యాన్ అంటున్న దాని తోట గీసినాయనే. మామగారు ఢిల్లీ చూసి ఉంటే ఆ మాట చెప్పండి, ఇంటి కప్పులూ మెట్లూ ఆసక్తిగా చూస్తారు. ఆ ఇంటి చిన్న కొడుకు క్రిస్టఫర్ లాయిడ్ జీవితమంతా ఈ తోటలోనే గడిపారు, 2006లో పోయారు. డెబ్బై దాటిన వయసులో, 1993లో, లట్యెన్స్ గీసిన గులాబీ తోటను పీకేయించి, అక్కడ అరటి, మెట్టతామర, డాలియా లాంటి వేడి దేశాల మొక్కలు పెట్టించారు. ఊరంతా నోరెళ్లబెట్టింది. ఆయనతో కలిసి ఆ పని చేసిన ఫెర్గస్ గారెట్ ఇప్పటికీ ఆ తోటను చూసుకుంటున్నారు, ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకుంటారు.

అరటి చెట్టును చూడటానికి ఇంగ్లండ్ దాకా రావాలా అని అత్తగారు అనొచ్చు. జూన్‌లో ఆ మూల ఇంకా లేతగానే ఉంటుంది, ఆగస్టు, సెప్టెంబరులో గానీ దాని అందం రాదు. కానీ చలికాలంలో ఆ అరటి బోదెల చుట్టూ ఎండు ఫర్న్ ఆకులు దట్టంగా కూరి కట్టి కాపాడతారని చెప్పండి. మన పెరట్లో బావి పక్కన తనంతట తాను పెరిగే చెట్టును ఇక్కడ పసిపిల్లలా చూసుకుంటారని తెలిస్తే ఆవిడ చూసే చూపు మారుతుంది.

డిక్స్‌టర్‌లో గేటు దాటగానే రెండు పక్కలా మోకాలెత్తు గడ్డి ఉంటుంది. తొలిసారి వచ్చినవాళ్లు కలుపు తీయలేదేమో అనుకుంటారు. అది కావాలని పెంచిన పూలపచ్చిక. మే, జూన్‌లలో వంగి చూస్తే గడ్డిలో అడవి ఆర్కిడ్లు ఊదారంగులో కనిపిస్తాయి. విత్తనాలన్నీ రాలేదాకా ఆగి, ఆగస్టు నుంచి కోస్తారు. కోసిన గడ్డిని అక్కడ వదలకుండా ఎత్తేస్తారు, ఎందుకంటే అది కుళ్లితే నేల బలుస్తుంది, నేల బలిస్తే గడ్డి రెచ్చిపోయి పూలమొక్కల్ని తొక్కేస్తుంది. ఎరువు వేయకపోవడం కూడా ఒక పెంపకమే అన్నది మనకి కొత్త విషయం. ఈ ఎస్టేటులో పురుగూ పుట్రా పక్షులూ మొక్కలూ ఎన్ని రకాలున్నాయో నిపుణులు లెక్క తీస్తే, చుట్టూ ఉన్న అడవి కంటే మనుషులు పెంచిన పూలతోటలోనే ఎక్కువ రకాలు తేలాయి.

సోమవారాలు, బ్యాంక్ హాలిడే అయితే తప్ప, మూసేస్తారు. సెయింట్ పాంక్రాస్ నుంచి ఆష్‌ఫర్డ్‌కి హైస్పీడ్ రైలు, అక్కడ మారి రై, రై నుంచి టాక్సీ. రై ఊరు రాళ్లు పరిచిన నిటారు సందులతో ఎంతో అందంగా ఉంటుంది గానీ మామగారి మోకాళ్లకి పగ. ఆయన్ని కింద టీ దుకాణంలో కూర్చోబెట్టి మీరు ఒక చుట్టు తిరిగి రండి.

మామగారి కోసమే ఒక రోజు పెట్టదలిస్తే షెఫీల్డ్ పార్క్. షెఫీల్డ్ అనే ఊరికీ దీనికీ సంబంధం లేదు, ఇది ససెక్స్‌లోది. లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కి మామూలు రైలు, దాని పక్కనే బ్లూబెల్ రైల్వే స్టేషన్. అక్కడ నుంచి పాతకాలపు బొగ్గు ఇంజను రైలెక్కి పదకొండు మైళ్లు పొలాల మధ్య పోతే చివరి స్టేషను షెఫీల్డ్ పార్క్, తోట అక్కడికి మైలు లోపే. రైలు ప్రతి రోజూ ఉండదు, టైమ్‌టేబుల్ చూసి రోజు ఎంచుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల రూపశిల్పి వేసిన తోట, వరసగా చెరువులు, వాటిలో చెట్ల నీడలు. జూన్‌లో కలువలు పూస్తాయి. అసలు రంగులు అక్టోబరులో వస్తాయి కాబట్టి పూల కోసం కాకుండా దారుల కోసం వెళ్లండి. దారులు వెడల్పు, అడుగడుగునా బెంచీలు.

లండన్ లోపల క్యూ గార్డెన్స్ ఎలాగూ వెళ్తారు. డిస్ట్రిక్ట్ లైన్‌లో నేరుగా స్టేషనుంది. టికెట్టు ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, మామగారు మొహమాటపడినా తీసుకోండి, మూడు వందల ఎకరాలు దాటిన చోటు అది. ఒక్క మాట: వెళ్లగానే పామ్ హౌస్‌లోకి దూరి గంటన్నర గడపకండి. 1848 నాటి ఆ గాజు మేడ కట్టడంగా అద్భుతమే గానీ లోపల ఉక్కపోతలో పెరిగేవి మనకి తెలిసిన కొబ్బరి, మామిడి, కోకో లాంటివి. దానికి పెద్ద మరమ్మతులు కూడా రానున్నాయి, తెరిచి ఉందో లేదో చూసుకోండి. లోపల 1775లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన సైకడ్ మొక్క ఇంకా కుండీలోనే బతికి ఉంది, దాన్ని చూసి బయటపడండి. ఆ తర్వాత రాతి తోటకీ, బ్రాడ్ వాక్ వెంట ఉన్న పొడుగాటి పూల బారులకీ టైమ్ ఇవ్వండి. మన దగ్గర పెరగనివి అక్కడున్నాయి. ఓపికుంటే మేరియన్ నార్త్ గ్యాలరీ. ఆవిడ ఒంటరిగా దేశాలు తిరుగుతూ, మన దేశం కూడా వచ్చి, ఎక్కడి మొక్కను అక్కడే కూర్చుని వేసిన బొమ్మలు ఎనిమిది వందలకు పైగా గోడల నిండా ఉన్నాయి.

మీది తూర్పు గోదావరి వైపు అయితే అత్తగారికి ఇంకో సంగతి చెప్పండి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ డాక్టరు 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కోసం తోట పెంచారు. మన తీరం మొక్కలెన్నిటికో స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించారు. తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి అక్కడా ఆ పని కొనసాగించారు. ఆ బొమ్మల ఒక సెట్టు కోల్‌కతాలో ఉంటే, ఇంకోటి ఇక్కడ క్యూలో భద్రంగా ఉంది. ప్రదర్శనకి పెట్టరు గానీ, మన సామర్లకోట పనితనం ఈ ప్రహరీ లోపలే ఉందని తెలిసి నడవడం వేరు.

ఒక పూట మాత్రమే దొరికితే చెల్సీ ఫిజిక్ గార్డెన్. నాలుగెకరాలే, మందుల దుకాణాలవాళ్లు 1673లో తమ శిష్యులకి మూలికలు గుర్తుపట్టడం నేర్పడానికి వేసింది. ఇక్కడ మన బిళ్ళగన్నేరును గాజుగదిలో పెంచుతారు. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్ నుంచి వచ్చిన విత్తనాలతో ఇక్కడి తోటమాలి ఫిలిప్ మిల్లర్ దాన్ని పెంచి నలుగురికీ పంచారు. పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ మందు వచ్చింది ఆ మొక్క నుంచే. మన దగ్గర సమాధుల పక్కనా, గోడల పగుళ్లలోనా పూసే పువ్వు ముందు అత్తగారు కాసేపు నిలబడతారు. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసి వెళ్లండి.

ససెక్స్‌లోని వేక్‌హర్స్ట్ తోట పేరు కూడా ఎవరో ఒకరు చెప్తారు. ప్రపంచ విత్తన నిధి అక్కడుంది, మైనస్ 20 డిగ్రీల నేలమాళిగలో వందల కోట్ల విత్తనాలు దాచారు. చాలా గొప్ప చోటు, కానీ ఎత్తుపల్లాల నేల, ఎక్కువ నడక. మామగారు లేని రోజున వెళ్లండి. హీవర్ కోట గులాబీలు బాగుంటాయి, అయితే అక్కడికి జనం కోట కోసం వస్తారు, మొక్కల మనిషికి రెండు గంటల్లో అయిపోతుంది.

చివరిగా ఒక వింత చోటు. కెంట్ కొసన డంజెనెస్ అనే గులకరాళ్ల తీరం, వెనక ఇప్పుడు మూతపడిన అణువిద్యుత్ కేంద్రం. అక్కడ డెరెక్ జార్మన్ అనే సినిమా దర్శకుడు 1986లో ఒక నల్ల చెక్క ఇల్లు కొని, మట్టే లేని ఆ రాళ్లలో, ఉప్పుగాలిలో తోట వేశారు. సముద్రపు కేల్, గసగసాల పూలు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగలు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు. కంచె లేదు. 2020లో జనం చందాలేసుకుని దాన్ని కాపాడుకున్నారు. కంచె లేదు కదాని లోపలికి నడిచేయకూడదు, దారి మీద నిలబడి చూడండి, చుట్టుపక్కల మనుషులు కాపురముంటున్న ఇళ్లున్నాయి. నీళ్లు రావు, మట్టి మంచిది కాదు అని మనం వంకలు చెప్పుకుంటాం కదా, ఆ వంకలన్నీ ఆ తోట ముందు నోరు మూసుకుంటాయి.

ఖర్చుల సంగతి. పెద్ద తోటలు మనిషికి సుమారు పదిహేను నుంచి పాతిక పౌండ్ల దాకా ఉంటాయి. మీకు నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ ఉంటే అది మీకే, అత్తామామలకి టికెట్లు కొనాలి. రైల్లో నలుగురూ కలిసి వెళ్తారు కాబట్టి గ్రూప్‌సేవ్ టికెట్టు అడగండి, రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది, ఏ కార్డూ అక్కర్లేదు. ఆదివారాలు పల్లెల్లో బస్సులు దాదాపు ఉండవు. అందుకే ఆదివారం ఇళ్ల తోటలకి స్టేషన్ నుంచి నడవగలిగే ఊరే ఎంచుకోండి.

జూన్‌లో గడ్డి పుప్పొడి విపరీతంగా ఉంటుంది. ఇండియాలో ఎప్పుడూ అలర్జీ లేనివాళ్లకి కూడా ఇక్కడ కళ్లు దురదలు, తుమ్ములు పట్టుకోవచ్చు. సెటిరిజిన్ మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, వాళ్లు వేరే మందులు వాడుతుంటే ఫార్మసిస్టుని అడిగి కొనండి. పలచటి స్వెట్టరు, వాన కోటు రోజూ సంచీలో ఉండాలి. చీర కట్టుకున్నా కాళ్లకి మాత్రం షూస్ వేయించండి, తడి పచ్చిక మీద చెప్పులు జారతాయి. తొమ్మిది దాటాక గానీ చీకటి పడదు, కానీ తోటలు చాలావరకు ఐదు, ఐదున్నరకే మూసేస్తారు. వెలుగు చూసి మోసపోవద్దు.

మొక్కలు, విత్తనాలు ఇండియాకి పట్టుకెళ్లే విషయం మాత్రం గట్టిగా చెప్పండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇంపోర్ట్ పర్మిట్, ఇక్కడి నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్లు లేవని ఇచ్చే పత్రం) లేకుండా మొక్క గానీ విత్తనం గానీ తీసుకెళ్లకూడదు. షాపులో కొన్న విత్తనాల పాకెట్టుకీ ఇదే వర్తిస్తుంది. ఒక మొక్కతో పాటు వెళ్లే తెగులు ఒక జిల్లా పంటను తినేయగలదు, అందుకే ఆ నిబంధన. పైగా ఇక్కడ మనసు దోచే పియోనీ లాంటివాటికి చలికాలపు నిద్ర కావాలి, మన ఎండలో బతకవు, బతికినా పూయవు. ఆవిడ ఏదైనా మొక్క దగ్గర ఆగిపోతే పేరు చీటీని ఫోటో తీయండి. తర్వాత అదే కుటుంబంలో మన దగ్గర పెరిగేది ఏదో వెతకొచ్చు. సాల్వియాలు, డాలియాలు, కాస్మోస్ మన శీతాకాలంలో చక్కగా వస్తాయి, విత్తనాలు అక్కడి నర్సరీల్లోనే దొరుకుతాయి.

తేదీలు ఖరారయ్యాక, ఆ రెండు ఆదివారాల్లో ఏ ఊళ్లు గేట్లు తీస్తున్నాయో చూసి రాయండి. మెట్లు తక్కువ ఉన్న ఊరు ఏదో, స్టేషన్ నుంచి ఎంత నడవాలో నేను చెప్తాను.